విశాఖ నుంచి శ్రీకాకుళానికి జంట సైకిల్: చూపున్నవారు ముందు, చూపులేనివారు వెనక

టాండెం సైకిల్ అంటే ఒకే ఫ్రేము మీద రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, రెండే చక్రాలు. ముందు కూర్చునేవారు కెప్టెన్, వెనక కూర్చునేవారు స్టోకర్. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు కెప్టెన్ చేతిలో ఉంటాయి. తొక్కుడు మాత్రం ఇద్దరిదీ. ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ ఒక చైను కలుపుతుంది కాబట్టి ఒకరి కాళ్లు ఆగితే రెండోవారి కాళ్లూ ఆగాల్సిందే. పారాలింపిక్స్‌లో అంధుల సైక్లింగ్ పోటీలు ఈ సైకిల్ మీదే జరుగుతాయి. మన దేశంలో చూపులేని దివ్యాంశు గణాత్రా 2016లో మనాలి నుంచి లడఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ వరకు టాండెం తొక్కారు. అంత ఎత్తులో సాధ్యమైనది మన తూర్పు కోస్తా సమతల రోడ్డు మీద ఎందుకు కాదు?

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లి రెండో రోజు తిరిగి రావడం, ఆ సవారీ పేరుతో ఒక మంచి పనికి చందాలు పోగు చేయడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. ఒకవైపు సుమారు 110 నుంచి 120 కిలోమీటర్లు. ఇద్దరూ కొత్తవారైతే సిద్ధం కావడానికి కనీసం 10 వారాలు పడుతుంది.

జంట కుదరడం

కెప్టెన్ కావాలనుకునేవారు ముందుగా సొంత సైకిల్ మీద, వాహనాల మధ్య, ఒక్కరోజులో 100 కిలోమీటర్లు అలవోకగా తొక్కగలిగి ఉండాలి. బరువు విషయంలో మొహమాటం వద్దు. కెప్టెన్ బరువు స్టోకర్ బరువుకు సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటే మంచిది. వెనక బరువు బాగా ఎక్కువైతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అదుపు తప్పుతుంది. కొత్త కెప్టెన్లు పడిపోయేది ఎక్కువగా అలా నెమ్మదిగా వెళ్లేటప్పుడే.

కెప్టెన్ సాధన మూడు మెట్లలో సాగాలి. మొదట ఖాళీ టాండెంను ఒక్కరే తొక్కాలి. తర్వాత చూపున్న మిత్రుణ్ని వెనక కూర్చోబెట్టుకుని రెండు మూడు విడతలు తిప్పాలి. ఆ తర్వాత తానే కళ్లకు గంతలు కట్టుకుని, అనుభవమున్న మరొకరి వెనక అరగంట కూర్చోవాలి. ఈ మూడో మెట్టును చాలామంది వదిలేస్తారు, వదలకండి. చెప్పకుండా వచ్చిన చిన్న గతుకు వెన్నులో ఎలా దిగుతుందో, చెప్పకుండా వేసిన బ్రేకు మనిషిని ఎంత బెదరగొడుతుందో అక్కడే తెలుస్తుంది.

స్టోకర్ చిన్నప్పుడు సైకిల్ తొక్కి తర్వాత చూపు కోల్పోయినవారు కావచ్చు, అసలు ఎన్నడూ తొక్కనివారూ కావచ్చు. రెండో కోవవారు మొదటి రెండు వారాలు జిమ్ సైకిల్ మీద నిమిషానికి 75 నుంచి 85 చుట్లు తొక్కడం అలవాటు చేసుకోవాలి. రోడ్డెక్కే ముందు కంటి డాక్టరును కలవాలి. ఇటీవల రెటీనా ఆపరేషన్ అయినవారు, షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవారు, రెటీనా ఊడే ప్రమాదం ఉన్నవారు కుదుపులూ ముక్కి చేసే శ్రమా తమకు తగునో లేదో అడిగి తీరాలి. నగరంలో హనుమంతవాక దగ్గరి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఇతర పెద్ద కంటి ఆసుపత్రులు ఇలాంటి ప్రశ్నలకు సరైన చోట్లు.

ఆపై ఒకరితో ఒకరు తీరిగ్గా మాట్లాడుకోవాలి. ఎంత కనిపిస్తుంది? వెలుగూ చీకటీ తెలుస్తాయా, ఆకారాలు తెలుస్తాయా? ఎండ గుచ్చుతుందా? దారి గురించి మాత్రమే చెప్పాలా, చుట్టూ ఉన్నదంతా చెప్పాలా? వీటికి జవాబులు స్టోకర్ నోటివెంటే రావాలి, పక్కనున్న ఇంటివారి నోటివెంట కాదు.

సైకిలు

రెండు పాత ఫ్రేములను వెల్డింగ్ షాపులో అతికించిన బండి బీచ్‌లో సరదాకు పనికొస్తుందేమో గాని దూరప్రయాణానికి వద్దు. ఇద్దరు మనుషులు, సైకిలు, సామాను కలిపితే బరువు 160 నుంచి 180 కిలోలు తేలుతుంది. మామూలు 32 స్పోకుల వెనక చక్రం ఆ బరువుకు స్పోకులు తెంచుకుంటుంది. కనీసం 36, వీలైతే 40 స్పోకులుండాలి. సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే రెండు సీట్ల మధ్య కింద పొడుగ్గా సాగే గొట్టం అతుకుల దగ్గర రంగు పగిలిందేమో టార్చి వేసి చూడండి. అక్కడ వెంట్రుక మందం చీలిక కనిపించినా ఆ ఫ్రేము వద్దు.

టైర్లు 32 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు. 32కి 85 నుంచి 90 పీఎస్ఐ, 26×2.0 టైరుకు 55 నుంచి 60 గాలి సరిపోతుంది. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ అంకెను ఎప్పుడూ దాటకండి. గాలి తక్కువైతే గతుకులో ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి రెండు పక్కపక్క చిల్లులు పడతాయి. బరువెక్కువ కాబట్టి టాండెంకు ఈ ముప్పు ఎక్కువ. బ్రేకులు డిస్క్ అయితే 203 మిల్లీమీటర్ల రోటర్లు, అంటే బ్రేకు పట్టే బిళ్లలు, మేలు. గేర్లలో ముందు 28 లేదా 30 పళ్లు, వెనక 34 పళ్లు కలిసే తేలిక గేరు ఒకటి తప్పక ఉండాలి. టాండెం దిగుడులో ఎంత దూసుకెళ్తుందో ఎత్తులో అంత మొరాయిస్తుంది.

అసలు ఆయువుపట్టు ఎడమవైపు ఉండే జోడింపు చైను. ముందూ వెనకా క్రాంకులను, అంటే పెడళ్లు బిగించిన కడ్డీలను, కలిపేది అదే. దాని నడిమధ్య వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర వరకు ఆడాలి. అంతకు మించి వదులైతే గతుకులో పళ్ల మీంచి జారిపోతుంది, బిగువైతే బేరింగులు అరిగిపోతాయి. చైను తిరిగే పళ్ల చక్రాలు ఎప్పుడూ కచ్చితమైన గుండ్రంగా ఉండవు కాబట్టి క్రాంకును పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి. ఎక్కువ బిగువుగా ఉన్న చోటును ప్రమాణంగా తీసుకోండి. సరిచేయడానికి చాలా ఫ్రేముల్లో ముందు క్రాంకు ఇరుసు గుండ్రటి డబ్బాలో, మధ్యకు కాకుండా పక్కకు అమర్చి ఉంటుంది. బోల్టులు వదులు చేసి ఆ డబ్బాను కొద్దిగా తిప్పి మళ్లీ బిగించాలి. చైను ఊడితే తిరిగి ఎక్కించేటప్పుడు రెండు క్రాంకులూ ఒకే కోణంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా తొక్కుడు కుంటుతుంది. ఆ రెండు పళ్ల చక్రాల మీదా ముందే తెల్ల రంగు చుక్క పెట్టుకుంటే రోడ్డు పక్కన తడుముకోనక్కర్లేదు.

వెనక సీటు కింద స్ప్రింగున్న సీటు గొట్టం వేయించండి. కెప్టెన్ గొయ్యి చూసి ముందే పిరుదులు లేపుతారు. స్టోకర్ తమకు చెబితేనే లేవగలరు, కొన్నిసార్లు చెప్పే వ్యవధి ఉండదు. సీటు గొట్టం మీద సరైన ఎత్తు దగ్గర ఇన్సులేషన్ టేపును నాలుగు చుట్లు చుడితే అది గట్టులా చేతికి తగులుతుంది, స్టోకర్ తానే తడిమి ఎత్తు సరిచూసుకోవచ్చు.

విడిభాగాల్లో ట్యూబులు 4, టైరు 1, ప్రతి కొలతలో స్పోకులు 3, చైను జోడించే లింకులు 4, బ్రేకు ప్యాడ్లు రెండు జతలు తీసుకెళ్లండి. వెనక గేరు కేబులు, బ్రేకు కేబులు టాండెంకు మామూలుకన్నా చాలా పొడుగు. దారిలో ఏ సైకిల్ షాపులోనూ దొరకవు, అందుకే రెండేసి ఉంచుకోవాలి. జోడింపు చైను కూడా ఒక మామూలు చైనుకన్నా పొడవే కాబట్టి కొన్న చైనులో మిగిలిన ముక్కను పారేయకండి.

ఉప్పుగాలి ఈ బండికి పెద్ద శత్రువు. బీచ్ రోడ్డు మీద సాధన అయిన ప్రతిసారీ మంచినీళ్ల తడిబట్టతో తుడిచి, ఆరాక చైనులకు నూనె వేయాలి. రెండు రోజులు ఊరుకుంటే బోల్టుల తలలు తుప్పు తేలతాయి.

చేతులతో పరిచయం

తొలిరోజు తొక్కవద్దు. సైకిల్‌ను గోడకు ఆనించి, స్టోకర్ చేతులతో ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా తడిమి చూడనివ్వండి. వేళ్లు చక్రాల్లోకీ చైనులోకీ పోకుండా ఏది తిరుగుతుందో ముందే చెప్పాలి. ఆ తర్వాత స్టోకర్ పెడలును చేత్తో తిప్పితే ముందు పెడలు తిరగడం కెప్టెన్ చూపించాలి. నీళ్ల సీసా, పంపు, మడతపెట్టిన తెల్లకర్ర ఎక్కడుంటాయో అప్పుడే నిర్ణయించి ఇక మార్చకండి.

నడిచేటప్పుడు స్టోకర్‌ను చేయి పట్టి లాగకూడదు, భుజం మీద చేయి వేసి తోయకూడదు. మీ మోచేతికి కాస్త పైన వారు పట్టుకుని అర అడుగు వెనకగా నడుస్తారు. ఆగిన చోట సైకిల్ కోసమో టీ కోసమో పక్కకు వెళ్తుంటే చెప్పి వెళ్లండి, గోడో వాహనమో చేతికి తగిలేలా నిలబెట్టి వెళ్లండి. హైవే పక్కన ఒంటరిగా గాలిలో మాట్లాడుతూ మిగిలిపోవడం ఎవరికీ మంచిది కాదు.

మాటల ఒప్పందం

ఈ ప్రయాణమంతా కెప్టెన్ నోటి మీద నడుస్తుంది. మాటలు పొట్టిగా, ఒకదాన్ని పోలి మరొకటి లేకుండా, ప్రతిసారీ అవే ఉండాలి. "ఆపు" అనే మాటను మొదటే నిషేధించండి. పెడలు ఆపాలా, బండి ఆగుతోందా అన్నది తేలదు. పెడలు నిలపడానికి "కాళ్లు", బండి ఆగుతుంటే "ఆగుతున్నాం" అనండి. గేరు మార్చే ముందు "గేరు" అంటే స్టోకర్ అర చుట్టు పాటు బలం తగ్గించాలి. బలం మీద గేరు మారిస్తే చైను తెగవచ్చు. "గొయ్యి" అనగానే పెడళ్లు సమాంతరంగా పెట్టి సీటు మీంచి కొద్దిగా లేవాలి. "గట్టు" అంటే స్పీడ్ బ్రేకరు, "బ్రేకు" అంటే బ్రేకు. మలుపుకు ముందు "ఎడమ", "కుడి". ఎత్తు వస్తుంటే "ఎత్తు" అనండి, వీలైతే ఎంత దూరమో కూడా చెప్పండి. చివర ఎక్కడుందో తెలియని ఎత్తు కాళ్లను రెట్టింపు అలసిపోజేస్తుంది.

స్టోకర్ వయసులో పెద్దవారైతే "తొక్కు", "లే" అని అనలేరు, అనకూడదు. "తొక్కుదాం", "లేద్దాం" అంటే మర్యాదా ఉంటుంది, ఇద్దరం కలిసి చేస్తున్నామన్నదీ తెలుస్తుంది. ప్రమాదపు మాటలను మాత్రం గొయ్యి, గట్టు, బ్రేకు అని పేర్లుగానే ఉంచుకోండి, వాటికి గౌరవవాచకం అడ్డురాదు.

ప్రతి మాటకూ స్టోకర్ "ఆఁ" అనాలి. జవాబు రాలేదంటే వినపడలేదన్నమాట. గంటకు 30 కిలోమీటర్లు దాటితే, లారీ పక్కనే పోతుంటే, కెప్టెన్ మాట గాలికి కొట్టుకుపోతుంది. బైకు హెల్మెట్లకు వాడే బ్లూటూత్ ఇంటర్‌కామ్ ఒక జత కొనడం దండగ కాదు, కాకపోతే బయటి శబ్దం వినపడేలా ఒక చెవి వదలాలి. అది మొరాయిస్తే కాళ్ల సంకేతం పనికొస్తుంది. కెప్టెన్ రెండుసార్లు చిన్నగా పెడలును బిగబడితే జోడింపు చైను ద్వారా వెనకకు తెలుస్తుంది, అర్థం "కాళ్లు".

వెనకవారికీ పనులున్నాయి, వాటిని వారికే అప్పగించండి. కెప్టెన్ రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి కాబట్టి కెప్టెన్ "కుడి" అనగానే చేయి చాచి సంకేతమిచ్చేది స్టోకరే. ప్రతి 15 నిమిషాలకు "నీళ్లు" అని గుర్తుచేయడం, మాట్లాడే ఫోన్‌లో దూరమూ వేగమూ విని చెప్పడం, వెనక నుంచి వచ్చే భారీ వాహనాల చప్పుడును ముందుగా పసిగట్టడం వారి బాధ్యతలు. ఈ చివరిదాంట్లో చాలామంది స్టోకర్లు కెప్టెన్లకన్నా మెరుగు.

కదలడం, మలుపులు, ఆగడం

కెప్టెన్ ముందుగా ఫ్రేముకు ఇరువైపులా కాళ్లు వెడల్పుగా పెట్టి, రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి పట్టుకుంటారు. కాళ్లు దగ్గరగా ఉంటే తిరిగే పెడలు పిక్కకు తగులుతుంది. స్టోకర్ ఎడమవైపు నుంచి ఎక్కి, రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టి, కెప్టెన్ కోరిన కోణానికి, సాధారణంగా కుడి పెడలు గడియారంలో 2 గంటల చోటికి, తిప్పి పెడతారు. "సిద్ధమా?" "సిద్ధం." "తొక్కుదాం." మొదటి మూడు చుట్లలో స్టోకర్ బలంగా తొక్కాలి, నడుము అటూ ఇటూ కదలకూడదు.

సిగ్నల్ దగ్గర ఆగితే కెప్టెన్ ఎడమ కాలు నేల మీద ఆనిస్తారు, స్టోకర్ పాదాలు పెడళ్ల మీదే ఉంచుకుంటారు. ఇద్దరూ ఒకేసారి కాలు దింపితే ఎటు వాలుతుందో తెలియక పడిపోతారు. దిగేటప్పుడు స్టోకర్ ముందు, కెప్టెన్ తర్వాత.

మలుపులో స్టోకర్ శరీరం సైకిల్‌తోపాటే వాలాలి. భయంతో అటువైపు ఒరిగితే బండి మలుపు నుంచి బయటకు జారుతుంది. వెనక్కి తిరగాలంటే ఇరుకు రోడ్డు మీద ప్రయత్నించకండి, దిగి తిప్పండి. ప్రతి 20 నిమిషాలకు కొన్ని క్షణాలు ఇద్దరూ సీటు మీంచి లేచి నిలబడాలి. ముందే అనుకోనిదే స్టోకర్ లేవలేరు కాబట్టి సీటు పుండ్లు ముందు వారికే వస్తాయి.

విశాఖలో సాధన

మొదటి వారాలు ఏదైనా విశాలమైన ఖాళీ మైదానంలో ఎక్కడం, ఆగడం, 8 ఆకారంలో తిరగడం నేర్చుకోండి. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడకవాళ్లూ పరుగువాళ్లూ నిండి ఉంటారు, కొత్త జంటకు అది సరైన చోటు కాదు. పట్టు వచ్చాక తెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దారి పట్టండి. అటు దాదాపు 25 నుంచి 30 కిలోమీటర్లు. చిన్న చిన్న ఎత్తుపల్లాలు వరుసగా వస్తాయి కాబట్టి గేరు పిలుపులు నోటికి అలవాటవుతాయి. ఎర్రమట్టి దిబ్బలు దాటాక రోడ్డు పక్క ఇసుక పేరుకుని ఉండవచ్చు. ఇసుకలో బ్రేకు వేయవద్దు, హ్యాండిల్ తిప్పవద్దు, నిటారుగా దాటించండి.

ఎత్తు సాధనకు కైలాసగిరి ఘాట్ రోడ్డు చాలు. దిగుడులో ఒకే బ్రేకును నొక్కి పట్టకుండా ముందూ వెనకా మార్చి మార్చి, విడిచి విడిచి వాడాలి. ఇద్దరి బరువుకు రిమ్ములు కాగి ట్యూబు పగలగలదు. అరకు ఘాటు, అంటే శృంగవరపుకోట దాటాక బొడ్డవర నుంచి అనంతగిరి మీదుగా సాగే ఎక్కుడు, తొలి సవారీకి వద్దు. శ్రీకాకుళం బాగా తొక్కి వచ్చాక మరుసటి ఏడాది చూసుకోవచ్చు.

వారాంతపు దూరం 15 తో మొదలుపెట్టి, 30, 45, 60, 80 దాకా పెంచాలి. చివరి పెద్ద సాధన 85 నుంచి 90 కిలోమీటర్లు ఉంటే చాలు. దాని మరుసటి రోజు మళ్లీ 50 తొక్కండి. తిరుగు ప్రయాణానికి కాళ్లు సిద్ధమో కాదో ఆ రెండో రోజు చెబుతుంది. చివరి వారం విశ్రాంతి.

ఎప్పుడు, ఏ దారిన

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య వరకు సరైన కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి తరచూ ఈశాన్యం నుంచి వీస్తుంది, అంటే పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. సంక్రాంతికి ముందు వెనక నాలుగైదు రోజులు ఎన్‌హెచ్ 16 ఊళ్లకు వెళ్లేవారి వాహనాలతో నిండిపోతుంది, ఆ రోజులు వద్దు. రథసప్తమికి అరసవల్లి జనసంద్రం, శ్రీకాకుళంలో గది దొరకడం కష్టం. ఈ రెంటినీ తప్పించి తేదీ పెట్టుకోండి.

దారి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి, అక్కడి నుంచి తగరపువలస, ఆపై ఎన్‌హెచ్ 16 మీద భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం, చిలకపాలెం, ఎచ్చెర్ల, శ్రీకాకుళం. ఉదయం 5:45కి వెలుగు రాకముందే సిద్ధమై, తొలి వెలుగుతో కదలాలి. సగటున గంటకు 20 కిలోమీటర్లు, ఆగడాలకు గంటంబావు వేసుకుంటే మధ్యాహ్నం 1 గంటకు చేరతారు. జనవరి ఉదయాల్లో హైవే మీద పొగమంచు కమ్మితే ఎంత ఆలస్యమైనా సరే ఆగిపోవాలి. లారీ డ్రైవరుకు కనిపించని సైకిలు రోడ్డు మీద ఉండకూడదు.

హైవే మీద జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. మార్జిన్‌లో ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్లు, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీలు, సర్వీసు రోడ్డు కలిసే చోట్లు. జంక్షన్లకు ముందు వేసిన వరుస పట్టీలు స్టోకర్ నడుముకు నరకం, వేగం తగ్గించి "గట్టు" చెప్పి దాటాలి. గోస్తని, నాగావళి వంతెనల అతుకుల దగ్గరా అంతే. పంట కాలంలో పక్క రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వరి గింజల మీద టైరు గాజు మీద జారినట్టు జారుతుంది, దిగి నడవండి.

వెనక ఒక తోడు వాహనం ఉండాలి. టాటా ఏస్ లాంటి చిన్న బండి అయితే ముందు చక్రం విప్పి ఏటవాలుగా టాండెంను ఎక్కించవచ్చు. ఆ వాహనం సైకిల్ వెనక్కి అంటుకుని నడవకూడదు, ముందు 5 కిలోమీటర్లకో 10 కిలోమీటర్లకో వెళ్లి సురక్షితమైన చోట ఆగి ఎదురుచూడాలి. బయల్దేరే ముందు దారిలోని పోలీసు స్టేషన్లకు రాతపూర్వకంగా తెలియజేయండి. అంబులెన్సు 108, పోలీసు 112, జాతీయ రహదారి సాయం 1033 నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, స్టోకర్ ఫోన్‌లో మాటతో కలిసేలా పెట్టుకోవాలి. ఇద్దరికీ ప్రమాద బీమా చేయించండి.

కళ్లద్దాలు ఇద్దరికీ తప్పనిసరి. చూపు లేని కంటికీ పురుగు గుచ్చుకుంటుంది, కృత్రిమ కన్ను ఉన్నవారికి దుమ్ము చాలా బాధిస్తుంది.

తిండి, నీళ్లు

మన ఉక్కపోతకు గంటకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు తాగాలి, అందులో సగం ఓఆర్ఎస్ కలిపిన నీళ్లుండాలి. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, అంతకన్నా తక్కువ నీళ్లలో వద్దు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. గంట గంటకూ ఖర్జూరాలు, పల్లీ చిక్కీ, మరో అరటిపండు. తోడు వాహనంలో పులిహోర, మజ్జిగ ఉంచుకోండి. పచ్చిమిరప బజ్జీలు శ్రీకాకుళం చేరాకే. భోజనం దగ్గర ఏది ఎక్కడుందో గడియారపు ముల్లుల లెక్కన చెప్పండి. "12 దగ్గర అన్నం, 3 దగ్గర పప్పు, 9 దగ్గర వేపుడు" అంటే స్టోకర్ తానే తింటారు. కలిపి ముద్దలు పెట్టే అత్యుత్సాహం వద్దు.

చందాలు

డబ్బు ఎవరికి, దేనికి అన్నది మొదటి రోజే తేలాలి. "అంధుల సంక్షేమానికి" అనడంకన్నా స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించేది) ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇన్ని, తెల్లకర్రలు ఇన్ని అని చెబితే దాతలకు నమ్మకం కలుగుతుంది. చందాలు ఆ సంస్థ పేరనున్న బ్యాంకు ఖాతాకే నేరుగా చేరాలి, మీ సొంత యూపీఐకి ఒక్క రూపాయి కూడా రానివ్వకండి. సంస్థకు పన్ను మినహాయింపు అనుమతి ఉందో చూడండి, 80జీగా అందరికీ తెలిసినది అదే. నగదు 2000 రూపాయలు దాటితే దాతకు ఆ మినహాయింపు దక్కదు. విదేశీయుల చందాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద సంస్థకు రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, లేకపోతే తీసుకోకూడదు.

సవారీ ఖర్చులు, అంటే డీజిలు, గది, విడిభాగాలు, చందాల్లోంచి తీయకండి. వాటికి వేరే స్పాన్సరును వెతకండి లేదా జేబులోంచి పెట్టుకోండి. ప్రచారపు పోస్టరు మీద ఏం రాయాలో స్టోకర్ నిర్ణయించాలి. పాపం అనిపించి డబ్బు రాబట్టే మాటలూ ఫొటోలూ వద్దు, 230 కిలోమీటర్లు తొక్కబోయే మనిషిని అలా చూపించడం అబద్ధం కూడా. క్యూఆర్ కోడు ఒక్కటే అచ్చువేస్తే చూపులేని దాతలకు ఉపయోగం లేదు, ఖాతా వివరాలు అక్షరాల్లోనూ ఉండాలి, ఫొటోలకు వివరణ రాయాలి.

తిరిగొచ్చిన మర్నాడు సైకిల్‌ను మంచినీళ్లతో కడిగి, రెండు చైనులూ ఆరబెట్టి నూనె వేసి, స్పోకులన్నీ వేలితో మీటి వదులైనవి బిగించండి. నెలలోపు సంస్థ నుంచి రసీదులు అందాయో లేదో ప్రతి దాతనూ అడిగి తెలుసుకోండి. వచ్చిన మొత్తం, ఖర్చైన మొత్తం, కొన్న వస్తువుల బిల్లులు అందరికీ పంపండి, స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైలుగా పంపండి.